పెద్దమేస్త్రి హస్తవాసి

మంగళవారం పొద్దున మూడో పలక కూడా చిత్రిక పట్టే ప్లేనరు మిషనులో సగం దాకా వెళ్లి ఆగిపోయింది. మోటారు ఆగలేదు, బ్లేడ్లు ఆగలేదు, పలకను లోపలికి లాక్కెళ్లాల్సిన రబ్బరు రోలరు కూడా తిరుగుతూనే ఉంది. పలక ఒక్కటే మొండికేసింది. టేపమ్మ, పెద్దమేస్త్రి తనకు నేర్పిన ప్రకారం, పలకకు సరిగ్గా వెనక నిలబడకుండా పక్కకు జరిగి అరచేత్తో నెట్టింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టింది. లోపల నుంచి మాడిన వాసన వచ్చింది. స్విచ్చి ఆపి, చక్రం తిప్పి కింది బల్లను దించి, పలకను వెనక్కి లాగి చూస్తే నడుమ అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున నల్లటి చార. లైబ్రరీ బల్లకు పైపలక కావలసిన చెక్క కాస్తా ఎందుకూ కొరగాని ముక్కయింది.

మిషను ఆగినప్పుడు వర్క్‌షాపులో కమ్ముకునే నిశ్శబ్దమే వేరు. అందరూ తలలు వంచుకుని పని చేస్తున్నట్టే ఉంటారు, చెవులు మాత్రం ఇటే ఉంటాయి. బల్లలకు కాళ్లు బిగిస్తున్న ఇద్దరు వడ్రంగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓనరు బావమరిది, ఎవరితోనూ కాదన్నట్టు, పైకప్పు వంక చూస్తూ అన్నాడు.

"పెద్దమేస్త్రి చేతిలో వెన్నలా పోయేది. దేనికైనా హస్తవాసి ఉండాలి."

ఈ హస్తవాసి మాట టేపమ్మకు మూడు వారాలుగా చెవిలో జోరీగ అయింది. ఆమెకు ముందు మిషను నడిపిన పెద్దమేస్త్రి చేతిలోనూ పలకలు ఆగేవి. అప్పుడు చెక్క పచ్చిగా ఉందనేవారు, కరెంటు సరిగా రావడం లేదనేవారు, మిషను ముసలిదైపోయిందనేవారు. ఇప్పుడు అవన్నీ అలాగే ఉన్నాయి, తప్పు మాత్రం వచ్చి ఆమె చేతి మీద వాలింది.

ఓనరు గదిలోంచి బయటికి వచ్చి మాడిన పలకను చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఎదుటి మనిషి మొహం చూడలేని రకం, అంతే. గోడ గడియారం వైపు చూస్తూ చెప్పాడు. శనివారం సాయంత్రానికి లైబ్రరీ ఆర్డరులోని ఇరవై పైపలకలూ ప్లేనరు దాటాలి. దాటకపోతే మిషను దగ్గర తన బావమరిది నిలబడతాడు, ఆమె వెనక షెడ్డుకు వెళ్లిపోవచ్చు.

వెనక షెడ్డంటే గరుకు కాగితం పట్టి రుద్దే పని. అందులో ఆమె ఎనిమిదేళ్లు చేసింది. కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకునే చోటది. ఇంకొకరు చేసిన గీతల్నీ గుంటల్నీ రుద్ది రుద్ది చెరిపెయ్యడం తప్ప తనంటూ చేసే వస్తువు ఒక్కటి ఉండదు. రుద్దేవాళ్లకు కొలతతో పనేమిటని అందరూ నవ్వినా, ఆ ఎనిమిదేళ్లూ ఆమె నడుముకు టేపు వేలాడుతూనే ఉంది. ఆ పేరు అలా వచ్చింది. పెద్దమేస్త్రి కళ్లల్లో శుక్లాలు ముదిరి, మిషను మీది అంకెలు అలుక్కుపోయి కనబడుతున్నాయని ఆయనే ఒప్పుకుని పక్కకు తప్పుకున్న రోజున, ఎవరికి అప్పగిద్దామని ఓనరు అడిగితే, "ఆ టేపమ్మకు ఇవ్వండి" అన్నాడు. ఆ మాటకు వర్క్‌షాపంతా నోరు వెళ్లబెట్టింది, అందరికంటే ఎక్కువగా టేపమ్మే.

ఈ మూడు వారాల్లో ఆమెకు ప్లేనరంటే ప్రాణమైపోయింది. మట్టిరంగులో, రంపం గాట్లతో ఇటు వెళ్లిన చెక్క అటు వైపు మొహం కడుక్కున్న పసిపిల్లలా బయటికి వస్తుంటే ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

పెద్దమేస్త్రి సానరాయి దగ్గర్నుంచి లేచి, బల్లల అంచులు తడుముకుంటూ వచ్చి, మాడిన చార మీద బొటనవేలు నడిపించాడు.

"కొత్త లోడు కదమ్మా, చెక్కలో జిగురెక్కువ. బల్లకు అంటుకుంటోంది. నువ్వు బెంగ పెట్టుకోకు, సర్దుకుంటుందిలే."

"సర్దుకునే లోపు నన్ను సర్దేసేట్టున్నారు బాబాయ్," అంది టేపమ్మ.

ఆయన నవ్వలేదు. మాడిన పలకను కాసేపు అలాగే తడిమి, మళ్లీ తన రాయి దగ్గరికి వెళ్లిపోయాడు.

బుధవారం ఆమె పంతం పట్టింది. అన్నీ ఒక్కసారే మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒక్కొక్కటే మార్చి చూడాలనుకుంది. అట్టముక్క ఒకటి తీసుకుని పెన్సిలుతో రాసుకుంది. బ్లేడ్లు మొద్దుబారాయా? లేదు, పెద్దమేస్త్రి వారం కిందటే పదును పెట్టాడు, వెంట్రుక ఆనిస్తే తెగుతోంది. ఎక్కువ మందం ఒక్కసారే తీస్తోందా? సగానికి తగ్గించింది. అయినా ఆగింది. రోలరును కిందికి నొక్కి పట్టే స్ప్రింగులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా? ఉన్నాయి. చెరో అర చుట్టు బిగించి చూసింది. ఈసారి పలక ఆగి, వణికి, మళ్లీ కదిలింది. బెల్టు జారుతోందా? బెల్టు జారితే రోలరు తిరగదు, ఇక్కడ రోలరు తిరుగుతూనే ఉంది. కింది బల్లకు జిగురంటిందా? రోజూ సాయంత్రం స్పిరిటు గుడ్డతో తుడిచి కొవ్వొత్తి రుద్ది మరీ ఇంటికి వెళ్తోంది, వేలు పెడితే జర్రున జారిపోతోంది.

అట్టముక్క నిండిపోయింది గానీ జవాబు దొరకలేదు. దొరికిందల్లా ఒక వింత. పొద్దున వేసే మొదటి నాలుగైదు పలకలే పేచీ పెడుతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి మిషను కాస్త దారికొస్తోంది. సాయంత్రం పొట్టు ఊడ్చి వెళ్లేటప్పటికి బుద్ధిగా ఉన్నదానికి, తెల్లారేసరికి మళ్లీ ఏం మాయరోగం వస్తోంది?

మధ్యాహ్నం పాలిష్ గదిలోంచి వదిన పిలిచింది. నిజానికి వదిన కాదు, ఎనిమిదేళ్లు పక్కపక్కన కూర్చుని రుద్దితే ఏర్పడిన చుట్టరికం. ఎలాగో గట్టెక్కిన మొన్నటి పలక ఒకదాన్ని వెలుతురుకు వంచి చూపించింది. పైముఖం మీద అక్కడక్కడా పాలిష్ పట్టకుండా ముడుచుకుపోయింది.

"చూడు, ఎన్ని పూతలేసినా విడిపోతోంది. జిడ్డు మీద నీళ్లు నిలవనట్టు. మీ మిషను దీనికేమైనా తినిపిస్తోందా ఏమిటి?"

టేపమ్మ వంగి వాసన చూసింది. పాలిష్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. పైముఖం మీదే ఎందుకుందో, కింద ఎందుకు లేదో అన్న ప్రశ్న మాత్రం మనసులో పడింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మంచం మీద కాళ్లు చాపుకుని సిద్ధంగా ఉంది. ఆవిడ నోరు పెద్దది, మోకాళ్లు బలహీనం. కోడలి ఉద్యోగం ఊళ్లో అందరికంటే తనకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం. టేపమ్మ ఆముదం వెచ్చబెట్టి మోకాళ్లకు మర్దనా చేస్తుంటే, ఆ బావమరిది పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగి, అతని నాలుక మీద వాతపెట్టాలని తేల్చింది. ఆ తర్వాత తనకు మాత్రల సీసా ఇవ్వమంది.

టేపమ్మ సీసా మూత తిప్పింది. రాలేదు. గట్టిగా తిప్పింది. చెయ్యి తిరిగింది, మూత అక్కడే ఉంది.

"జిడ్డు చేతులతో ఏం వస్తుందే, తుడుచుకుని తియ్యి," అంది అత్తగారు. "మిషన్లు నడుపుతుందట, సీసా మూత తియ్యడం రాదు."

టేపమ్మ సీసాను అలాగే పట్టుకుని ఉండిపోయింది. చెయ్యి తిరుగుతోంది, మూత తిరగడం లేదు. రోలరు తిరుగుతోంది, పలక కదలడం లేదు. పలక పైముఖాన్ని తాకేది రోలరే. ఇన్ని రోజులుగా బల్లను తుడిచింది, బ్లేడ్లు చూసింది, స్ప్రింగులు చూసింది గానీ, రోలరును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. దాని జోలికి పోతే వేళ్లు పోతాయని పెద్దమేస్త్రి మొదటి రోజే భయపెట్టాడు. ఆ భయంతో కరెంటు లేనప్పుడు కూడా ఆమె చెయ్యి అటు పోలేదు.

"మాత్ర ఇస్తావా, మూత చూసుకుంటూ కూర్చుంటావా?" అంది అత్తగారు. టేపమ్మ ఆవిడ బుగ్గ మీద జిడ్డు చేత్తోనే చిన్నగా గిల్లింది. కోడలికి మతి పోయిందేమోనని అత్తగారు నిజంగానే కంగారుపడింది.

గురువారం మామూలు కంటే గంట ముందే వెళ్లింది. వర్క్‌షాపు తలుపు తీసే ఉంది. తాళం పెద్దమేస్త్రి దగ్గరే ఉంటుంది, అందరికంటే ముందు వచ్చేది ఆయనే. పిలుద్దామని నోరు తెరిచిందల్లా లోపలి దృశ్యం చూసి పలకల దొంతర వెనక ఆగిపోయింది.

పెద్దమేస్త్రి ప్లేనరు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మిషను పైమూత తీసి పక్కన పెట్టాడు. స్విచ్చిని ఒకటికి రెండుసార్లు తడిమి, ఆపే ఉందని రూఢి చేసుకున్నాడు. పక్కన చిన్న డబ్బా, చేతిలో గుడ్డ ఉండ. ఆ డబ్బా ఆమెకు తెలుసు. చేతి రందాలతో చిత్రిక పట్టే రోజుల నుంచీ ఆయన వెంట ఉన్న ఆముదం డబ్బా అది. రందా అడుగుకు ఆ గుడ్డతో ఒక్క రుద్దు రుద్దితే చెక్క మీద ఉయ్యాలలా పోయేదని వందసార్లు చెప్పి ఉంటాడు. ఇప్పుడు ఆ గుడ్డను డబ్బాలో ముంచి, రోలరును వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివరకు ఓపిగ్గా పూస్తున్నాడు. చంటిపిల్లకు ఒళ్లు రుద్దినంత శ్రద్ధగా పూస్తున్నాడు. పూస్తూ మిషనుతో మాట్లాడుతున్నాడు.

"ఇన్నేళ్లు నిన్ను చూసుకున్నానా లేదా? నా మాట విను. ఆ పిల్లను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు. ఇదిగో, నిన్నటి కంటే ఎక్కువే రాశాను. ఇవాళైనా తేలిగ్గా పో."

టేపమ్మకు ముందు ఒళ్లు మండింది. ఒక్క క్షణం మాత్రమే. మూడు పలకలు, ఇన్ని మాటలు, రాత్రిళ్లు పట్టని నిద్ర, అన్నీ ఈ డబ్బాలోంచి వచ్చాయా అనిపించింది. ఆ తర్వాత ఆయన వెన్నెముక కనబడేలా వంగిన వీపు చూసింది, తన కోసం రోజూ చీకటితో లేచి వస్తున్న సంగతి తెలిసింది, కోపం నిలవలేదు. పలక ఆగిన కొద్దీ ఈయన ఇంకాస్త నూనె పోశాడు, నూనె పోసిన కొద్దీ పలక ఆగింది. పొద్దున వేసే పలకలు ఆ నూనెను తమ పైముఖానికి తుడుచుకుపోయాకే మిషను దారికొచ్చేది. తన మీద ఇంత ఆపేక్ష పెట్టుకున్న మనిషి ఈ వర్క్‌షాపులో మరొకరు లేరు, తన చేటుకు కారణమూ ఆయనే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శబ్దం రాకుండా ఏడ్చింది.

ఆయన మిషను మూత బిగించి, డబ్బాను అలమారలో దాని చోట పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోని కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కణ్ణించి టీ కొట్టుకు వెళ్తాడు, పావుగంట రాడు. టేపమ్మ పాలిష్ గదిలోంచి స్పిరిటు సీసా తెచ్చింది. మిషను మూత తీసి, జీవితంలో మొదటిసారి రోలరు మీద వేలు పెట్టింది. అత్తగారి మోకాలిలా జారింది. నాలుగు గుడ్డలు నల్లబడే దాకా తుడిచింది. అద్దంలా నున్నబడిన రబ్బరు మీద సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దింది. ఎనిమిదేళ్లు చేసిన పని, ఎంత రుద్దాలో చేతికి తెలుసు. ఆరిన తర్వాత వేలు పెడితే వేలిని పట్టుకుంది. కింది బల్లకు మాత్రం కొవ్వొత్తి రుద్దింది.

ఆ పొద్దున మొదటి పలక ఇటు అందించీ అందించకముందే చేతిలోంచి లాక్కున్నట్టు లోపలికి పోయింది. అటు అందుకునే మనిషి ఇంకా గ్లౌజు తొడుక్కుంటున్నాడు, పలక బయటికి వచ్చి కింద పడబోయింది. భోజనాల వేళకు తొమ్మిది పలకలు దాటాయి. ఒక్కదాని మీద చార లేదు. పెద్దమేస్త్రి సానరాయి దగ్గర కూర్చుని, మిషను రొద వింటూ, పెదవులు కదిలీ కదలకుండా నవ్వుకుంటున్నాడు. తన ఆముదం ఇన్నాళ్లకు పనిచేసిందనుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

ఓనరు వచ్చి అడిగాడు, ఇంతకీ ఏమిటి లోపమని.

జవాబు నాలుక చివరే ఉంది. కానీ చెబితే ఆయన గతేమిటి? కళ్లు కనబడని మనిషిని ఉలులు సానబెట్టడానికని ఇంకా ఉంచుకున్నారు. మిషను పాడుచేశాడని తెలిస్తే, ఓనరు గోడ గడియారం చూస్తూ ఆయనకూ ఓ మాట చెబుతాడు.

"రోలరుకు చెక్క జిగురు పట్టిందండి. తుడిచాను," అంది.

"అంటే ఇన్నాళ్లూ తుడవలేదన్నమాట," అన్నాడు బావమరిది.

"నేను చూసుకోలేదు. నాదే పొరపాటు."

సానరాయి మీద ఉలి చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆ సాయంత్రం వెళ్లబోతూ ఆముదం డబ్బా తీసి పైఅరలో రంగు డబ్బాల వెనక దాచింది. అంతకంటే మర్యాదైన ఉపాయం ఆమెకు తోచలేదు. శుక్రవారం మళ్లీ పెందలాడే వెళ్లింది. పెద్దమేస్త్రి అలమార ముందు నిలబడి అర తడుముతున్నాడు. ఉలులు, స్క్రూల పెట్టె, తాడు ఉండ, ఒక్కొక్కటీ ముట్టుకుని దాటుతున్నాడు. ఖాళీ చోట చెయ్యి ఆగింది. మళ్లీ మొదటి నుంచి తడమడం మొదలుపెట్టాడు. కళ్లతో పాటు గుర్తు కూడా పోతోందేమోనన్న భయం ఆ మొహంలో కనబడింది. టేపమ్మ గబగబా వెళ్లి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వా తల్లీ? ఇంత పొద్దున్నేనా?"

"ఇక్కడ పెట్టి మర్చిపోయినట్టున్నావు బాబాయ్. దేనికి?"

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. "మోకాలికి," అన్నాడు. అన్నాడు కాబట్టి స్టూలు మీద కూర్చుని, పంచె పైకి లాగి, ఏ నొప్పీ లేని మోకాలికి ఆముదం రాసుకున్నాడు. ఆమె కూడా నమ్మినట్టే పక్కన నిలబడింది. ఆమె పొట్టు ఎత్తడానికి చీపురు కోసం వెనక్కి వెళ్లి వచ్చేసరికి, ఆయన ప్లేనరు దగ్గర ఉన్నాడు. మూత తీసి ఉంది. గుడ్డ లేదు, డబ్బా లేదు. జిడ్డులేని ఎడమచేతి వేళ్లు రోలరు మీద ఆగి ఉన్నాయి. గరుకుగా, పొడిగా ఉన్న రబ్బరును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చాలాసేపు తడిమాడు. ఆమె వచ్చిన అలికిడి విని మూత పెట్టేసి సానరాయి దగ్గరికి వెళ్లాడు.

శనివారం మూడింటికి ఇరవయ్యో పలక దాటింది. టేపమ్మ స్విచ్చి ఆపి నుదుటి పొట్టు తుడుచుకుంది. ఓనరు పలకలన్నీ చూసి, బాగున్నాయని తలూపి, గడియారం వైపు తిరిగాడు. అది చూడగానే ఎలాంటి మాట రాబోతోందో ఆమెకు తెలిసిపోయింది. పని పూర్తయింది, మంచిదే అన్నాడాయన. కానీ తుడవక మూడు పలకలు పోగొట్టానని తనే ఒప్పుకుంది కదా, వచ్చేది ఇంకా పెద్ద ఆర్డరు, అందుకని సోమవారం నుంచి మిషను బావమరిది చూసుకుంటాడు అన్నాడు.

టేపమ్మ నడుముకున్న టేపును పట్టుకుని నిలబడింది. తను ఆడిన మాటే తన కాళ్లకు చుట్టుకుంది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాదు. సరేనండి అనబోయింది.

"ఆగండి," అన్నాడు పెద్దమేస్త్రి.

ఆయన లేచి, బల్లలు తడుముకోకుండా, తెలిసిన దారే కదా అన్నట్టు నేరుగా నడిచి వచ్చాడు. చేతిలో ఆముదం డబ్బా ఉంది. దాన్ని ప్లేనరు బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

"ఆ పలకలు మాడ్చింది నేను. రోలరుకు రోజూ ఇది రాశాను. రందాకు పనికొచ్చింది కదా, దీనికీ పనికొస్తుందనుకున్నాను. ముప్పై ఏళ్లు నడిపినవాణ్ణి, ఏది జారాలో ఏది పట్టాలో మర్చిపోయాను. ఆ పిల్ల కనిపెట్టింది, బాగుచేసింది, నా పరువు పోతుందని నెపం తన మీద వేసుకుంది."

బావమరిది ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తాడు.

"ఇంకో మాట. నా చేతిలో చెక్క ఆగితే మిషను ముసలిదన్నారు. ఆ పిల్ల చేతిలో ఆగితే దానికి చేత కాదన్నారు. మూడు వారాలుగా వింటున్నాను, నోరు మూసుకుని కూర్చున్నాను. అది నూనె రాసిన దానికంటే పెద్ద తప్పు. పంపిస్తే నన్ను పంపించండి."

ఓనరు గడియారం వైపు చూడలేదు. మొదటిసారి టేపమ్మ మొహంలోకి చూశాడు, చూడలేక డబ్బా వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపే చూశాడు.

"ఎవరినీ పంపేది లేదు," అన్నాడు చివరికి. "మిషను నీదేనమ్మా. ఈయన్ని ఏం చేయమంటావో కూడా నువ్వే చెప్పు."

ఆమె చెప్పింది. సోమవారం నుంచి బాబాయ్ తనతో పాటు మిషను దగ్గరే ఉండాలంది.

సోమవారం పొద్దున వాళ్లిద్దరే ఉన్నారు. టేపమ్మ స్విచ్చి రెండుసార్లు తడిమి చూసి, మూత తీసి, పెద్దమేస్త్రి చేతిని తన చేతిలోకి తీసుకుంది. రోలరు మీద పెట్టి, "ఇది నాకు," అంది. కింది బల్ల మీద పెట్టి, అరచేతిలో కొవ్వొత్తి ముక్క ఉంచి, "ఇది నీకు బాబాయ్, రోజూ," అంది. ఆయన కళ్లు మూసుకుని మూలమూలలకూ కొవ్వొత్తి రుద్దాడు. ఆముదం డబ్బాను సాయంత్రం టేపమ్మ అత్తగారికి పంపించాలని కూడా ఇద్దరూ నిర్ణయించుకున్నారు.

మిగతావాళ్లు వచ్చేసరికి ఆయన మిషనుకు అవతలి వైపు, గ్లౌజులు తొడుక్కుని, చేతులు చాచి నిలబడి ఉన్నాడు. పలక అందుకోవడానికి కళ్లతో పెద్ద పని లేదు. టేపమ్మ స్విచ్చి వేసి, మొదటి పలక అంచు బల్లకు ఆనించింది. రోలరు దాన్ని పట్టుకుంది. పలక మెల్లగా ఆమె చేతుల్లోంచి వెళ్లిపోయింది, చివరి జానెడు కూడా లోపలికి పోయింది. ఆమె ఊపిరి బిగబట్టింది.

అవతల నుంచి రొద మీదుగా ఆయన గొంతు వినబడింది.

"అందింది తల్లీ. ఇంకోటి పంపు."